దశమభాగం ఇస్తూనే అప్పు లేకుండా బతకడం: విశ్వాసుల ఇంటికి పొదుపు లెక్క

పొదుపు మాటెత్తితే మన సంఘాల్లో చాలామంది మత్తయి 6:34 చూపిస్తారు. రేపటి గురించి చింతించవద్దని యేసయ్యే చెప్పాడు కదా, మనకెందుకీ లెక్కలు అంటారు. ఆ మాట అన్నవాళ్లే ఇరవయ్యో తారీఖు దాటాక చేబదులు కోసం ఎవరికి ఫోన్ చేయాలా అని చూస్తుంటారు, అసలు చింత అప్పుడు మొదలవుతుంది. చింతించవద్దన్నాడు నిజమే, లెక్క చూసుకోవద్దని మాత్రం ఎక్కడా అనలేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో అడిగింది కూడా ఆయనే. అది శిష్యుడిగా ఉండడం గురించి చెప్పిన ఉపమానం, ఒప్పుకుంటాను. కానీ లెక్క చూసుకోవడం బుద్ధిమంతుల పని అని వినేవాళ్లందరికీ తెలుసు కాబట్టే ఆ ఉపమానం నిలబడింది.

ఇక్కడ చెప్పేదంతా నెలకు 30 వేలు చేతికొచ్చే ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. భర్తకు ప్రైవేటు ఉద్యోగం, భార్య ఇంట్లో కుట్టుపని, ఇద్దరు పిల్లలు, గుంటూరు లాంటి ఊళ్లో అద్దె ఇల్లు. మీ అంకె వేరైతే దామాషా చూసుకోండి.

1. ముందు ఒక నెల రాయండి, ఏమీ మార్చకండి

నోటు పుస్తకం చాలు. రోజూ పడుకునే ముందు భార్యాభర్తలిద్దరూ ఆ రోజు ఖర్చు చెప్పుకుని రాయాలి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పోయిన డబ్బు ఎలాగూ యాప్‌లో కనిపిస్తుంది, నగదుగా పోయిందే గుర్తుండదు. టీలు, పిల్లల చిరుతిళ్లు, ఫోన్ రీఛార్జీలు, పుట్టినరోజు ప్రార్థనకు తీసుకెళ్లిన కేకు, ఇళ్లలో జరిగే కాటేజీ కూటానికి ఆటో, బయటి ఊరి నుంచి వచ్చిన దైవజనుడికి ఇచ్చిన కవరు, అన్నీ రాయండి. కానుకలు కూడా రాయండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు కదా అని కొందరు వాటిని వదిలేస్తారు. ఆ మాట నలుగురికీ చూపించుకునే ధర్మం గురించి చెప్పింది, మీ బీరువాలో ఉండే పుస్తకం గురించి కాదు.

ఈ నెల ఖర్చు తగ్గించే ప్రయత్నం చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. నెలాఖరుకు కూడితే ఏదో ఒక గీత దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, అక్కడ కోపాలు వద్దు.

2. దేవునికిచ్చేది ముందే అంకె వేసి పక్కన పెట్టండి

దశమభాగం నేటి విశ్వాసికి నియమమా, కాదా అన్న వాదన ఇక్కడ తెగదు. సంఘాన్ని బట్టి బోధ వేరుగా ఉంటుంది. పద్ధతి విషయంలో మాత్రం పౌలు 1 కొరింథీ 16:2లో చెప్పింది ఎవరికైనా పనికొస్తుంది: వారం మొదటి రోజున, ఎవరింట్లో వాళ్లు, "తాను వర్ధిల్లిన కొలది" కొంత నిలవ చేయాలి. ఆయన వచ్చాక అప్పటికప్పుడు చందా పోగు చేసే పరిస్థితి ఉండకూడదన్నాడు. అంటే ఇచ్చేది ఇంట్లో, ప్రశాంతంగా, ముందే నిర్ణయమై ఉండాలి.

30 వేలలో పదో వంతు 3 వేలు. జీతం పడిన రోజే ఆ డబ్బు తీసి ఒక కవరులో పెట్టండి, లేదా వాడకుండా ఉన్న ఇంకో బ్యాంకు ఖాతాలో వేయండి. కుట్టుపని డబ్బు వారం వారం వస్తుంది కాబట్టి దానిది వారం వారమే తీయాలి, లేకపోతే అది కూరగాయల్లో కలిసిపోతుంది.

అసలు చిక్కు ఈ 3 వేల దగ్గర ఉండదు, దాని పైన ఉంటుంది. ప్రథమ ఫలం, కృతజ్ఞతార్పణ, మందిర నిర్మాణ నిధి, సభలకు చందా, యూత్ వాళ్ల క్రిస్మస్ చందా, టీవీలో ప్రసంగం వింటుంటే కింద కదిలే ఖాతా నంబరు. వీటికి ఇవ్వొద్దని నేను అనను. వీటన్నిటికీ కలిపి ఏడాదికి ఒక మొత్తం వేసుకోండి, మన ఇంటికైతే 4 వేలు అనుకుందాం. అది అయిపోయాక ఎవరైనా అడిగితే "ఈ ఏడాది ఇవ్వగలిగింది ఇచ్చేశాం అయ్యగారూ, ప్రార్థన చేస్తాం" అని చెప్పేయొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. బలవంతంగా, సణుగుతూ కాకుండా హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలని 2 కొరింథీ 9:7లో ఉంది. మైకులో పేర్లు చదువుతుంటే ఒత్తిడికి చెయ్యెత్తేది నిశ్చయించుకున్నది ఎలా అవుతుంది? ఇక "పదివేల విత్తనం వేయండి, లక్ష కోత కోస్తారు" అనే పిలుపు వినగానే టీవీ కట్టేయడం మంచిది. దేవునితో వడ్డీ వ్యాపారం పెట్టుకోమని ఏ అపొస్తలుడూ చెప్పలేదు.

ఇంకో రెండు మాటలు గట్టిగానే చెబుతాను. అప్పు తెచ్చి కానుక వేయకండి. విధవరాలు వేసిన రెండు కాసులు ఆమెవే, వడ్డీకి తెచ్చినవి కావు. అలాగే అమ్మానాన్నల మందులకు పెట్టాల్సిన డబ్బు కానుక పెట్టెలో వేసి భక్తి అనుకోకండి. మార్కు 7లో కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాం అనే పేరుతో తల్లిదండ్రులను వదిలేసిన వాళ్లను యేసయ్య ఎంత కటువుగా అన్నాడో ఒకసారి చదవండి. ద్వితీయోపదేశకాండము 14 చివర్లో మూడేళ్లకోసారి దశమభాగం మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ తండ్రిలేనివాళ్లూ విధవరాళ్లూ తిని తృప్తి పొందాలని ఉంది, కాబట్టి మీరు ఇచ్చేదాంట్లో పక్క వీధిలో ఉన్న నిజమైన బీదలకు కూడా కొంత చేరేలా చూడండి.

చేతిలో నగదు ఆడని ఇళ్లకు పిడికెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ బాగుంటుంది. అన్నం వండే ప్రతిసారీ కడగకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇదే అలవాటు ఈనాటికీ అక్కడి సంఘానికి పెద్ద ఆదాయం. మన పల్లెల్లోనూ ఆదివారం సంచీలో బియ్యం తెచ్చే అమ్మలు ఉన్నారు, వాళ్లది చిన్న కానుక అనుకోకండి.

3. అప్పుల్ని వడ్డీ వరసలో పేర్చండి

"అప్పుచేయువాడు అప్పిచ్చిన వానికి దాసుడు" అని సామెతలు 22:7. దాసత్వం ఎంతో తెలియాలంటే వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చాలి. మన దగ్గర "రెండు రూపాయల వడ్డీ" అంటే వినడానికి చాలా తక్కువగా ఉంటుంది, అది ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. ఐదు రూపాయలైతే 60.

రోజువారీ ఫైనాన్స్ ఇంకా మోసకారి. 10 వేలు రాసుకుని వెయ్యి ముందే పట్టుకుని 9 వేలు చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యే కదా పోయింది" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నారు కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది ఐదు వేలలోపే, దాని మీద మూడు నెలల పైచిలుకుకే వెయ్యి పోయింది. ఏడాదికి లెక్కేస్తే 75 శాతం దాటుతుంది. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే నెలకు 3 శాతం పైనే పడుతుంది, అదీ మూడు రూపాయల వడ్డీకి తక్కువేం కాదు.

కాబట్టి ఒక కాగితం మీద అప్పులన్నీ రాయండి: ఎవరికి, ఎంత, ఏడాదికి ఎంత శాతం. ఎక్కువ శాతం ఉన్నది పైన. అన్నిటికీ కట్టాల్సిన కనీసం కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ పైనున్న దానికే కొట్టండి.

మారకం కుదిరితే ఇంకా మంచిది. 50 వేలు మూడు రూపాయల వడ్డీకి ఉంటే ఏడాదికి 18 వేలు వడ్డీకే పోతాయి, అసలు కదలదు. ఇంట్లో ఉన్న గాజులు బ్యాంకులో పెట్టి సుమారు 10 శాతానికి తీసుకుని దాన్ని తీర్చేస్తే వడ్డీ 5 వేలకు దిగుతుంది. మిగిలిన 13 వేలు అసలుకు వెళ్తాయి. గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, వేలం నోటీసు వచ్చేదాకా ఆగితే గాజులు పోతాయి. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకు బ్యాంకు లింకేజీ రుణం ఉంది, బయట వడ్డీల ముందు అది ఎంతో నయం. ఆ డబ్బు తెచ్చి ఫంక్షన్ చేస్తే మాత్రం ఉపయోగం లేదు.

ఇక పూచీకత్తు. "బ్రదర్, ఒక్క సంతకం" అన్నవాడు ఆదివారం పక్కన కూర్చుని పాటలు పాడేవాడే అయినా సామెతలు 22:26, 27 గుర్తు చేసుకోండి. పూచీ పడితే చివరికి నీ కింద పరుపు కూడా లాక్కుపోతారని ఉంది. సహాయం చేయాలనుంటే మీరు వదులుకోగలిగినంత డబ్బు ఇవ్వండి, సంతకం పెట్టొద్దు. సంఘంలో ఒక అక్క నడిపే చీటీ విషయం కూడా ఇలాంటిదే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీకి కాగితాలుంటాయి, కమీషన్ 7 శాతానికి మించకూడదు, తేడా వస్తే అడగడానికి ఒక ఆఫీసుంటుంది. నమ్మకం మీద నడిచే చీటీలో తేడా వస్తే డబ్బూ పోతుంది, సంఘమూ రెండుగా చీలుతుంది. గొలుసు స్కీముల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇద్దర్ని చేర్పించమని చెప్పేవాడు మొదట ప్రార్థన చేసి మొదలుపెట్టినా సరే లేచి వచ్చేయండి.

4. యోసేపు వాటా

ఆదికాండము 41లో యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లు పంటలో అయిదో వంతు నిలవ చేయించాడు. కరువు వస్తుందని దేవుడు ముందే చూపించాడు, గిడ్డంగులు నింపే పని మాత్రం మనుషులే చేశారు. లూకా 12లో కొట్లు పెద్దవి కట్టుకున్న ధనవంతుణ్ణి దేవుడు వెర్రివాడా అన్నాడు, అతనూ నిలవ చేసినవాడే. తేడా ఏంటంటే ఒకరి ధాన్యం ఊరంతా తిన్నది, ఇంకొకడి ప్రసంగమంతా "నా పంట, నా కొట్లు, నా ప్రాణం".

అప్పున్న 30 వేల ఇంట్లో అయిదో వంతు ఇప్పుడే కుదరదు. ఇలా మొదలుపెట్టొచ్చు: కానుక 3,000, అద్దె 7,000, సరుకులూ పాలూ కూరలూ 8,500, కరెంటు, గ్యాస్, ఫోన్ 2,000, పిల్లల చదువు 3,000, పెట్రోలు, ఆటోలు 2,000, మందులు 500, అప్పు 2,500, నిలవ 1,500. ఇందాక ఏడాదికి అనుకున్న 4 వేల చందాలు కుట్టుపని బాగా దొరికే పెళ్లిళ్ల సీజన్లో తీసి పెట్టుకోవాలి. మిరప కోతలకో పత్తి తీతకో వెళ్లి సీజన్లో సంపాదించే కుటుంబాలకు మాత్రం అయిదో వంతు లెక్క అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకు ప్రతి ఏడాదీ సమృద్ధి నెలలూ కరువు నెలలూ వస్తాయి.

ఈ 1,500 ఎక్కడ పెట్టాలి? మొదట ఒక నెల ఇంటి ఖర్చు అయ్యేదాకా మామూలు సేవింగ్స్ ఖాతాలో, యూపీఐకి తగిలించని ఖాతాలో. జ్వరాలకూ బండి రిపేర్లకూ ఇది. ఇది ఉంటే రోజువారీ ఫైనాన్స్ వాడి గుమ్మం తొక్కే పని ఉండదు. తర్వాత పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్, నెలకు 100 రూపాయల నుంచి కట్టొచ్చు, ఐదేళ్లు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి అనే ప్రభుత్వ పొదుపు పథకం, ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికి ఉంటుంది. బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకూ డిపాజిట్‌కు బీమా ఉంది, తెలిసినాయన నడిపే ఫైనాన్స్ కంపెనీలో అలాంటిదేమీ ఉండదు.

బీమా అంటే విశ్వాసం లేనట్టు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలతో సురక్షా ప్రమాద బీమా తీసుకోవచ్చు, ఒక్కోటి 2 లక్షలకు. మొదటిదానికి 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి, రెండోది 70 దాకా. ఇంటికి సంపాదించేవాడు పోతే ఆదరణ కూడికలో అందరూ వాక్యం చెబుతారు, మరుసటి నెల అద్దె ఎవరు కడతారు? సొంత ఇంటివాళ్లను పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8 అంటోంది. ఆసుపత్రి ఖర్చుకు ప్రభుత్వ కార్డు పేర్లు ఇంట్లో అందరివీ ఎక్కి ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, ఆంధ్రాలో అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది.

5. వంటింటి నుంచి కరెంటు బిల్లు దాకా

ఐదు వేలమందికి పెట్టాక కూడా "ఏమియు నష్టపడకుండ" ముక్కలు పోగు చేయమన్నాడు ప్రభువు, యోహాను 6:12. రొట్టెలు పుట్టించగలిగిన ఆయనకు ముక్కలతో పనేంటి అని ఎప్పుడూ అనిపిస్తుంది నాకు. మనింట్లో రాత్రి అన్నం పొద్దున పులిహోరో పోపన్నమో అవ్వాలి. శనివారం సాయంత్రం వారం కూరలు అనుకుని రైతుబజారుకెళ్తే రోజూ గుమ్మం ముందు కొనేదానికన్నా తగ్గుతుంది. ఆరాధన నుంచి వస్తూ ఆకలి మీద బిర్యానీ పార్సిల్ తెచ్చుకోవడం చాలా ఇళ్లలో నెలకు నాలుగు సార్లు పడే దెబ్బ. శనివారమే చికెన్ తెచ్చి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఆదివారం అరగంటలో కూర అవుతుంది.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి ఉన్న ఇంటికి ఈ 16 యూనిట్లే కీలకం కావచ్చు, 200 దాటితే ఆ నెల బిల్లంతా కట్టాల్సిందే. బీపీ, షుగర్ మాత్రలు తక్కువ ధరకు జనరిక్ మందులు అమ్మే జన ఔషధి దుకాణంలో డాక్టరును అడిగి తీసుకోండి. ఈ విషయంలో ఇంతకన్నా చెప్పను, ఎవరి వంటిల్లు వాళ్లకు తెలుసు.

6. డిసెంబరు జనవరిలోనే మొదలవుతుంది

మన ఇళ్ల బడ్జెట్ కూలేది డిసెంబరులో. అందరికీ కొత్త బట్టలు, ఇంటి మీద స్టార్, కేకులు, పిండివంటలు, పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు ఒకదాని తర్వాత ఒకటి, పండుగ విందు, ముప్పై ఒకటి రాత్రి వాచ్ నైట్, కొత్త సంవత్సరానికి మళ్లీ బట్టలు. జనవరిలో పిల్లల ఫీజు గడువు ఎదురొస్తుంది. పోయిన క్రిస్మస్‌కు ఎంతైందో కూర్చుని రాసి దాన్ని పదకొండుతో భాగించండి. 11 వేలైతే నెలకు వెయ్యి. జనవరి నుంచి నవంబరు దాకా ఆ వెయ్యి వేరే డబ్బాలో. ఇందాకటి లెక్కలో అది లేదు కదా అంటారేమో, ఆదివారం బిర్యానీలు ఆపితే వచ్చేది దాదాపు అదే.

బట్టలు డిసెంబరులో కొనకండి. ఆషాఢం సేల్ మనకోసమే పెట్టినట్టుంటుంది, మనకు ఆషాఢం పట్టింపు లేదు, ధర మాత్రం తగ్గుతుంది. చీరలు, పెద్దవాళ్ల చొక్కాలు అప్పుడే తీసి దాచండి, పిల్లలవి మాత్రం ఒక సైజు ఎక్కువ చూసుకోవాలి. సెమీ క్రిస్మస్ విషయంలో సంఘంలో పెద్దలే మాట్లాడుకుని వీధికొకటి కాకుండా అందరికీ కలిపి ఒకటి చేస్తే ఎన్ని ఇళ్లు ఊపిరి పీల్చుకుంటాయో. పుట్టింది పశువుల తొట్టెలో, పండుగకు మనం వడ్డీకి తెస్తున్నాం.

పెళ్లిళ్లు, జ్ఞాపకార్థ కూడికలదీ ఇదే వరస. మందిరంలో పెళ్లి చేసి వచ్చినవాళ్లకు మంచి భోజనం పెడితే చాలు, హాలుకు పెట్టే డబ్బు ఆ జంటకు ఇచ్చినా వాళ్ల మొదటి ఏడాది అప్పు లేకుండా గడుస్తుంది. కట్నం అడిగేవాళ్ల గురించి రాయను, అది పొదుపు విషయమే కాదు, పాపం.

7. ఇక్కడ మాత్రం ఆదా చేయకండి

పనమ్మాయి జీతం తారీఖు దాటించకూడదు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండము 19:13. మాల్‌లో అడిగినంతా ఇచ్చి, నెత్తి మీద గంపతో వచ్చిన ఆకుకూరలమ్మ దగ్గర ఐదు రూపాయలకు పావుగంట బేరమాడడం పొదుపు కాదు. కరెంటు తీగకు కొక్కెం వేయడం, ఆఫీసులో దొంగ పెట్రోలు బిల్లు పెట్టడం, రేషన్ కార్డు కోసం ఆదాయం తగ్గించి రాయించడం, పిల్లవాడి వయసు తగ్గించి హాఫ్ టికెట్ కొనడం కూడా అంతే. ఆ చివరిది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ పక్కన నిలబడి వింటున్న పిల్లవాడికి సండే స్కూల్లో నేర్పింది ఆ కండక్టరు ముందే చెరిగిపోతుంది.

8. జీతం పెరిగినప్పుడు

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ, మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చిన వెస్లియన్ మిషన్ ఆయన పేరుమీదిదే, ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డులోని ఒక యువకుడి లెక్క చెప్పాడు. ఆదాయం 30 పౌన్లు ఉన్న ఏడాది 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడాది 60 వస్తే 28తోనే బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90, ఆ తర్వాత 120, ఖర్చు మాత్రం అదే 28. ఆ యువకుడు వెస్లీయేనని చాలామంది అభిప్రాయం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అంత పని కుదరదు, ధరలూ ఆగవు. కానీ జీతం 3 వేలు పెరగ్గానే 3 వేల ఈఎంఐతో పెద్ద టీవీ రావడం మాత్రం ఆపగలం.

పెరిగిన 3 వేలలో 300 కానుకకు, 1,500 అప్పుకో నిలవకో, మిగిలిన 1,200 ఇంటికి. అప్పు తీరిన నెల కూడా ఇంతే, కడుతున్న 2,500 ఆగిపోకుండా అదే తారీఖున పోస్టాఫీసుకు వెళ్లాలి, లేకపోతే మూడు నెలల్లో అది ఎటు పోయిందో తెలియదు. బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టేయండి. ఒక నెల ఖర్చు నిలవ అయ్యాక మూడు నెలలకు పెంచండి, అది కూడా అయ్యాక అందులోంచి ఐదు వేలు విడిగా తీసి ఉంచండి: సంఘంలో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వచ్చి రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే వడ్డీ లేకుండా, రాసుకోకుండా ఇవ్వడానికి. తిరిగొస్తే మళ్లీ అదే కవరులో పెట్టండి, రాకపోతే వచ్చే నెల నిలవలోంచి నింపండి.